ట్రంక్‌కాల్ నుంచి వాట్సాప్ దాకా: మెట్ట కృష్ణలో ఫోను కథ

ఫోన్లు అరుదుగా ఉన్న రోజుల్లో కొట్ల బిల్లు పుస్తకాల మీద, పెళ్లి శుభలేఖల అడుగున ఫోను నంబరు పక్కన ‘పి.పి.’ అని రెండు పొడి అక్షరాలు కనిపించేవి. అంటే ఆ నంబరు వాళ్లది కాదు. పక్కింటివాళ్లదో, ఎదురు కొట్టు షావుకారుదో. ఫోను మోగితే ఆ ఇంటి పిల్లాడు పరుగున వచ్చి ‘మీకు ఫోనండీ’ అని కేకేయాలి. కబురందినాయన చెప్పులేసుకుని వెళ్లేదాకా అవతలివాడు రిసీవరు చెవికి ఆనించుకుని కాచుకోవాలి. సొంత ఫోనుకు దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసే కాలంలో ఒక్క ఫోను వీధి మొత్తానికీ పనికొచ్చేది.

అప్పట్లో మాట తనంతట తాను వెళ్లేది కాదు, నడుమ ఎవరో ఒకరు చెయ్యి వేయాల్సిందే. పోస్టుమాస్టరు, ఎక్స్ఛేంజిలో ఆపరేటరు, ఎదురు కొట్టు షావుకారు, తర్వాత్తర్వాత ఎస్టీడీ బూత్ యజమాని. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో ఫోను చరిత్ర అంటే ఈ నడుమ మనుషులు ఒకరి వెనక ఒకరు తప్పుకుంటూ రావడమే. వాళ్లంతా తప్పుకున్నాక ఏం జరుగుతోందన్నది ఆ చరిత్రలో ఇప్పుడు నడుస్తున్న ఘట్టం.

రహదారి ఊళ్లు

బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డు మీద కంచికచర్ల దాటాక నందిగామ, అక్కణ్నుంచి సుమారు 30 కిలోమీటర్లకు జగ్గయ్యపేట వస్తాయి. కాస్త ముందుకెళితే గరికపాడు చెక్‌పోస్టు, ఆ పైన తెలంగాణ. బేతవోలు అనే పల్లెను వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు పేటగా పెంచి తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. అదే జగ్గయ్యపేట. 1948 దాకా ఈ ప్రాంతం రెండు రాజ్యాల సరిహద్దు. ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ, అటు సొంత తపాలా వ్యవస్థ ఉన్న నిజాం రాజ్యం. సరిహద్దు కావడంతో వ్యాపారం పెరిగింది. డెల్టా లాగా ఇది వరి ఒక్కదాన్నే నమ్ముకునే నేల కాదు. పత్తి, మిరప పండే మెట్ట. తర్వాత సాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాయి, సున్నపురాయి కోసం జయంతిపురం, ముక్త్యాలల్లో సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి.

మిరప, పత్తి లాంటి వాణిజ్య పంటలు వేసేవాడికి ధర కబురు నీళ్లంత అవసరం. గుంటూరు యార్డులో ఈ రోజు క్వింటాలు ఏ ధర పలికిందో తెలియకుండా బస్తాలు లారీకెక్కిస్తే మునిగేది రైతే. కబురు ముందుగా చేరినవాడిదే లాభం. అందుకే ఈ ఊళ్లలో ఫోనుకు మొదటి గిరాకీ షావుకార్ల నుంచి, కమీషన్ వ్యాపారుల నుంచి వచ్చింది.

‘త్రీ మినిట్స్ ఓవర్’

మన దేశంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మొదలయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశమంతా కలిపినా ఫోన్లు లక్ష లేవు. ఉన్నవాటిలో పెద్ద భాగం నగరాలదే. చిన్న పట్నాలకు ఫోను తపాలా, తంతి శాఖ ద్వారానే చేరింది. ఎక్స్ఛేంజి లేని ఊరికి పోస్టాఫీసులో ఉన్న ఫోనే దిక్కు.

మాన్యువల్ ఎక్స్ఛేంజి పని చేసే తీరు చూస్తే ఆపరేటరు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఎవరైనా రిసీవరు ఎత్తితే బోర్డు మీద వాళ్ల నంబరు దగ్గర గుర్తు పడేది. ఆపరేటరు ఒక తీగను అక్కడ గుచ్చి ‘నంబర్ ప్లీజ్’ అని అడిగి, రెండో కొసను కావలసినవాళ్ల నంబరు దగ్గర గుచ్చితే మాట కలిసేది. పక్క వీధికైనా ఇదే తంతు. నంబరు గుర్తులేకపోతే పేరు చెప్పినా చాలు, చిన్న ఊళ్లో ఆపరేటరుకు అందరూ తెలిసినవాళ్లే. ఎవరు ఎవరితో ఎంతసేపు మాట్లాడారన్నదీ ఆపరేటరుకు తెలిసేది.

పొరుగూరికి మాట్లాడాలంటే ట్రంక్‌కాల్ బుక్ చేయాలి. నంబరు చెప్పి, ఏ రకం కాలో చెప్పి కూర్చోవాలి. ఆర్డినరీ అయితే ఎప్పుడొస్తుందో చెప్పలేం. అర్జెంట్‌కు రేటు రెట్టింపు, కాబట్టి వరస ముందుకు జరుగుతుంది. లైటనింగ్ అన్నిటికన్నా ముందు, ధరా అందనంత పైన. ‘పర్టిక్యులర్ పర్సన్’ అని ఇంకో రకం ఉండేది. అవతల ఫోను ఎవరెత్తినా కాకుండా ఫలానా మనిషే లైన్లోకి రావాలని ముందే చెప్పి పెట్టే కాల్ అది. చిన్న ఎక్స్ఛేంజి నుంచి పెద్ద ట్రంక్ ఎక్స్ఛేంజికి, అక్కణ్నుంచి మరో నగరానికి, మళ్లీ అక్కడి చిన్న ఊరికి, ఎక్కడికక్కడ ఒక ఆపరేటరు తీగ గుచ్చుకుంటూ పోతే గొలుసు పూర్తయ్యేది. గొలుసులో ఒక్క తీగ ఖాళీ లేకపోయినా గంటలు గడిచిపోయేవి. కలిసిన తర్వాత మాటలు మూడు నిమిషాల లెక్కన సాగేవి. గడువు కాగానే ఆపరేటరు మధ్యలోకొచ్చి ‘త్రీ మినిట్స్ ఓవర్’ అనేవాడు. పొడిగించాలా వద్దా అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి.

గొంతు సరిగా వినపడక అందరూ అరిచి మాట్లాడేవారు. ధరవరలు, చావు కబుర్లు, కాన్పు కబుర్లు తప్ప మరో మాటకు చోటుండేది కాదు. కుశల ప్రశ్నలకు ఉత్తరం ఉండనే ఉంది.

కోడ్ల కాలం

ఆపరేటరును తప్పించే ప్రయత్నం 1960 నవంబరులో కాన్పూరు, లక్నోల మధ్య మొదలైంది. దేశంలో మొదటి ఎస్టీడీ లైను అదే. అది చిన్న పట్నాలకు చేరడానికి పాతికేళ్లు పట్టింది. విదేశీ ఎక్స్ఛేంజీలు పెద్ద నగరాల కోసం తయారైనవి. వేలాది లైన్లుంటేనే గిట్టుబాటవుతాయి, ఏసీ గది కావాలి. దుమ్ము, ఎండ, కరెంటు కోత ఉన్న ఊరికి వేరే సరుకు కావాలి. 1984లో శామ్ పిట్రోడా చొరవతో ఏర్పడిన సి-డాట్ ఈ పని నెత్తినేసుకుంది. ఏసీ అక్కర్లేని 128 లైన్ల గ్రామీణ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజిని 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదట పెట్టారు. ఆ తర్వాత దేశంలో చిన్న ఊళ్లన్నిటికీ ఫోను అందడానికి దారి చూపింది ఆ చిన్న పెట్టే.

ఎస్టీడీతోపాటు కోడ్లు వచ్చాయి. జగ్గయ్యపేటకు 08654, నందిగామకు 08678. కంచికచర్ల నందిగామ కోడ్‌లోకే వెళ్లింది. విజయవాడది 0866, కోదాడది 08683, మధిరది 08749. కోడ్ ఒకటే అయితే లోకల్ కాల్, వేరైతే ఎస్టీడీ. బస్సెక్కితే అరగంటలో దిగే కోదాడ ఫోనులో మాత్రం పరాయి ఊరు. దూరాన్ని బట్టి ‘పల్స్’ మారేది. దగ్గరి ఊరికి చేస్తే మీటరు నెమ్మదిగా, దూరపు ఊరికి చేస్తే వడివడిగా తిరిగేది. మాట్లాడేవాడి కళ్లు ఎర్రగా వెలిగే ఆ అంకెల మీదే ఉండేవి.

ఆపరేటరు స్థానంలోకి బూత్ యజమాని వచ్చాడు. పసుపుపచ్చ బోర్డు మీద నల్లటి అక్షరాలతో ఎస్టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ. లోపల అద్దాల గది, ఒక కుర్చీ, బిల్లు చీటీ కొట్టే మీటరు. బూత్‌లు ఇవ్వడంలో వికలాంగులకు ప్రాధాన్యం ఉండటంతో వేలాది కుటుంబాలకు అది బతుకుతెరువైంది. 1994 జాతీయ టెలికాం విధానం 1997 కల్లా ప్రతి గ్రామానికీ ఫోను ఇస్తామంది. అడిగినవారికి అడిగినట్టే లైను ఇస్తామని కూడా అంది. గడువు దాటిపోయింది గానీ బస్టాండ్ల పక్కన, ఆసుపత్రుల ముందు బూత్‌లు మాత్రం పుట్టగొడుగుల్లా పెరిగాయి. రాత్రి 11 దాటితే రేటు నాలుగో వంతుకు పడేది కాబట్టి, హైదరాబాద్‌లో చదివే పిల్లలతో మాట్లాడాల్సిన వాళ్లు నిద్ర కాచుకుని వరసలో నిలబడేవారు. బూత్‌కే తిరిగి ఫోను వచ్చేలా ముందే మాట్లాడుకుని కూర్చునేవారూ ఉండేవారు. పి.పి. నంబరు స్థానంలో బూత్ నంబరు చేరిందన్నమాట.

ఎస్టీడీ రోజుల్లోనే ఫోను అర్జీ పెట్టుకునే సాధనమూ అయింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ‘డయల్ యువర్ సీఎం’ అంటూ జనం ఫోన్లకు జవాబు చెప్పే కార్యక్రమం పెట్టింది అప్పుడే. ఆ పేరు మన రాష్ట్రంలో నాటుకుపోయింది. తిరుమలలో ‘డయల్ యువర్ ఈవో’, జిల్లాల్లో ‘డయల్ యువర్ ఎస్పీ’ అంటూ ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

మోగితే ఎత్తకు

1995 జూలై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో సెల్‌ఫోనులో మాట్లాడారు. దేశంలో సెల్‌ఫోను మొదలైంది ఆ కాల్‌తోనే. ఆంధ్రప్రదేశ్ సర్కిల్లో లైసెన్సులు టాటా సెల్యులార్‌కు, జేటీ మొబైల్‌కు దక్కాయి. తర్వాతి కాలంలో మొదటిది ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. తొలినాళ్లలో నిమిషం మాటకు 16 రూపాయల దాకా అయ్యేది. పైగా వచ్చిన ఫోను ఎత్తినా డబ్బు కట్టాలి. మెట్ట రైతుకు అది దూరపు కొండే.

ఆ ధరల గోడ కూలడానికి కొద్ది నెలలు చాలాయి. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ ‘సెల్‌వన్’ తెచ్చింది. అదే డిసెంబరులో రిలయన్స్ దిగింది. మరుసటి ఏడు ‘మాన్సూన్ హంగామా’ పేరుతో 501 రూపాయలకే ఫోను చేతికిచ్చింది. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. పిలిచినవాడే కట్టాలన్న ఈ ఒక్క నిబంధన ఫోను వాడకాన్ని మార్చేసినంతగా మరే టెక్నాలజీ మార్చలేదు. 2004లో దేశంలో సెల్‌ఫోన్లు ల్యాండ్‌లైన్లను దాటేశాయి. 2006లో బీఎస్ఎన్ఎల్ దేశంలో ఎక్కడికైనా నిమిషానికి రూపాయి అంది. 2009లో టాటా డొకోమో నిమిషాల లెక్క తీసేసి సెకండుకు పైసా అంది.

పిలిచినవాడికే ఖర్చు కాబట్టి జనం మోగించి కట్ చేయడం నేర్చారు. ఒక రింగిస్తే బయల్దేరానని, రెండిస్తే చేరానని, మూడిస్తే ఫోను చెయ్యమని ఇంటింటికీ ఒక ఒప్పందం. దీన్నే వ్యాపారం చేసిన బెంగళూరు కంపెనీ జిప్‌డయల్‌ను 2015లో ట్విట్టర్ కొనుక్కుంది. అదే ఏడు ఒక జాతీయ పార్టీ మిస్డ్‌కాల్‌తోనే కోట్ల సభ్యత్వాలు చేయించింది. పొలాల్లో ఇంకో విడ్డూరం. సిమ్ పెట్టిన మోటారు స్టార్టర్లు వచ్చాక రైతు మంచం మీంచే మోటారుకు ఫోను చేస్తాడు. అర్ధరాత్రి కరెంటొస్తే టార్చిలైటు పట్టుకుని గట్ల వెంట నడిచే ప్రయాసా, పాము భయమూ తప్పాయి. ఆ కాల్‌లో మాట్లాడేవాడూ లేడు, వినేవాడూ లేడు.

మాట అవసరమైన చోట్ల కొత్త నంబర్లు పుట్టాయి. రైతుల సందేహాలకు తెలుగులోనే జవాబిచ్చే కిసాన్ కాల్ సెంటర్ 1551 నంబరుతో 2004 జనవరిలో మొదలైంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు ప్రారంభమైంది. లారీలు, బస్సులు రాత్రింబవళ్లు పరుగెత్తే బెజవాడ–హైదరాబాద్ రోడ్డు పక్క ఊళ్లకు ఆ మూడంకెల విలువ వేరే చెప్పనక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోట ఎవరి జేబులోనో ఒక సెల్‌ఫోను ఉంటుందన్న నమ్మకం మీదే 108 నిలబడింది.

తెగని సర్కిల్

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది. గరికపాడు మళ్లీ సరిహద్దయింది. బస్సుకు, లారీకి, ధాన్యానికి పన్నులూ పర్మిట్లూ మారాయి. ఫోనుకు మాత్రం ఏమీ కాలేదు. టెలికాం లైసెన్సుల లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, యానాం ఇప్పటికీ ఒకే సర్కిల్. జగ్గయ్యపేటలో కొన్న సిమ్‌కు కోదాడలో ఆ రోజు కూడా రోమింగ్ పడలేదు. 2022 ఏప్రిల్ 4న ఈ ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి విడిపడి ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. అప్పుడూ కోడ్లు కదల్లేదు.

గరికపాడు సరిహద్దు విలువ 2020 మార్చిలో తెలిసొచ్చింది. లాక్‌డౌన్ ప్రకటించగానే హైదరాబాద్‌లో హాస్టళ్లు మూసేశారు. సొంతూళ్లకు బయల్దేరిన వందల మంది గరికపాడు దగ్గర ఆగిపోయారు. అటు పోనివ్వరు, ఇటు రానివ్వరు. ఆ రాత్రి ఇంటికీ, అధికారులకూ, ఎమ్మెల్యేలకూ వాళ్లు చేసిన ప్రతి ఫోనూ ముందు ఒక దగ్గును వినిపించేది. కోవిడ్ జాగ్రత్తలు చెప్పే కాలర్ ట్యూన్ అది.

మాట ముక్కలైంది

ట్రంక్‌కాల్ రోజుల నుంచి 3జీ దాకా ఒక సూత్రం మారలేదు. ఇద్దరు మాట్లాడుతున్నంతసేపూ వాళ్లకోసం ఒక దారిని కేటాయించి ఉంచాలి. ఆపరేటరు గుచ్చిన తీగ అలాంటి దారే. 2జీలో ఒక్కో తరంగాన్ని ఎనిమిది కాల వాటాలుగా పంచి ఒక్కో వాటా ఒక్కో కాల్‌కు ఇవ్వడమూ అలాంటి దారే. దారి కొరత కాబట్టే దానికి నిమిషాల ధర.

2016 సెప్టెంబరు 5న మొదలైన జియోకు పాత నెట్‌వర్కు లేదు, 4జీ ఒక్కటే ఉంది. అందులో గొంతును చిన్న ముక్కలుగా తరిగి, సినిమాలు, ఫొటోలు వెళ్లే దారిలోనే పంపుతారు. దీన్నే వోల్టీ అంటారు. ఒక నిమిషం మాటకు పట్టే డేటా వీడియోతో పోలిస్తే లెక్కలోకి రాదు. కాబట్టి మాట ఉచితం, డేటాకే డబ్బులన్నారు. మిగతా కంపెనీలు అదే బాట పట్టక తప్పలేదు. పట్టలేనివి మూతపడ్డాయి, అమ్ముడుపోయాయి. 2018లో వోడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. ఒక కంపెనీ కాల్‌ను మరో కంపెనీ అందుకున్నందుకు కట్టే రుసుమును టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 అక్టోబరులో 14 పైసల నుంచి 6 పైసలకు తగ్గించింది. 2021 జనవరి 1 నుంచి అదీ పోయింది.

అంతకుముందే వాట్సాప్ 2015లో కాల్స్‌ను, 2016 నవంబరులో వీడియో కాల్స్‌ను తెచ్చింది. అమెరికాలో ఉద్యోగం చేసే కూతురు ఒకప్పుడు కాలింగ్ కార్డు గీకి నిమిషాలు లెక్కపెట్టుకునేది. ఇప్పుడు నందిగామలో అమ్మ వంట చేస్తున్నంతసేపూ ఫోను గూట్లో ఆనించి ఉంచుతుంది. అటు పొద్దున, ఇటు రాత్రి. చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడరు. మూడు నిమిషాల ట్రంక్‌కాల్‌లో ఈ మౌనం ఊహకందనిది.

ఉచితం అన్నమాటలో మెలిక ఉంది. 2018 చివర్లో కొన్ని కంపెనీలు కనీస రీచార్జి లేకపోతే ఇన్‌కమింగ్ కూడా ఆపేస్తామన్నాయి. 2003లో ఉచితమైన ఇన్‌కమింగ్‌కు అలా మళ్లీ నెలవారీ ధర పడింది. బటన్ ఫోను పెట్టుకున్న పెద్దవాళ్లు వాడని డేటాకు డబ్బు కట్టాల్సి వచ్చింది. ఈ గోడు మీదే ట్రాయ్ 2024 డిసెంబరులో మాటలకు, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు పెట్టి తీరాలని ఆదేశించింది. ఇంట్లో అలాంటి ఫోను ఉన్నవాళ్లు షాపులో ఆ ప్యాకు పేరు చెప్పి అడగాలి, అడగకపోతే ఇవ్వరు.

ల్యాండ్‌లైన్ పూర్తిగా పోలేదు. రాగి తీగ బదులు ఫైబరు మీద వచ్చింది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్‌తోపాటు ఫోనునూ కలిపిచ్చింది. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. 2025 ఫిబ్రవరిలో ట్రాయ్ మరో సిఫార్సు చేసింది. ల్యాండ్‌లైన్ నుంచి ల్యాండ్‌లైన్‌కు ఎక్కడికి చేసినా సున్నాతో, ఎస్టీడీ కోడ్‌తో కలిపే కొట్టాలని. అది అమలైతే జగ్గయ్యపేటలో పక్క వీధికి చేసినా 08654 నొక్కాల్సిందే. మరోవైపు 2025 సెప్టెంబరు 27న ఒడిశాలోని ఝార్సుగుడాలో ప్రధాని మోదీ ప్రారంభించిన బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీకి మూలమైన కోర్ నెట్‌వర్కును తయారుచేసింది, నలభై ఏళ్ల కిందట పల్లె ఎక్స్ఛేంజి చేసిన ఆ సి-డాటే.

ఎవరు మాట్లాడుతున్నారు?

నడుమ మనిషి లేడు, నిమిషాల ధర లేదు. కాల్ చేయడానికి అడ్డమేదీ మిగల్లేదు. దాని ఫలితాన్ని ఇప్పుడు అందరూ అనుభవిస్తున్నారు. అప్పులిస్తామని ఒకరు, ప్లాట్లు అమ్ముతామని ఒకరు. ఎన్నికలొస్తే నాయకుడి గొంతు రికార్డు చేసిన ఐవీఆర్ఎస్ కాల్స్, మీ అభ్యర్థి ఎవరైతే బాగుంటుందో ఫలానా అంకె నొక్కమని. తెలియని నంబరైతే ఫోను ఎత్తని అలవాటు పల్లెల దాకా పాకింది. అమ్మకాల కాల్స్ 140తో, బ్యాంకుల్లాంటి సంస్థల సేవల కాల్స్ 1600తో మొదలవ్వాలని నిబంధన పెట్టారు. మోసగాడు నిబంధన చూసుకుని ఫోను చెయ్యడు. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లోకి వచ్చి, మిమ్మల్ని ‘డిజిటల్ అరెస్ట్’ చేశామని బెదిరించి ఖాతాలు ఖాళీ చేయించడం అతని తాజా పద్ధతి. 2024 అక్టోబరు ‘మన్ కీ బాత్’లో ప్రధాని ప్రత్యేకంగా హెచ్చరించాల్సినంతగా అది పెరిగింది.

పాత ఎక్స్ఛేంజిలో ఈ బెడద ఉండేది కాదు. ఎవరు పిలుస్తున్నారో ఆపరేటరుకు తెలుసు, అవసరమైతే చెప్పేవాడు కూడా. ఆ పనిని ఇప్పుడు నెట్‌వర్కు చేత చేయించాలని చూస్తున్నారు. సిమ్ తీసుకున్నప్పుడు దరఖాస్తులో రాసిన పేరు, ఫోను మోగినప్పుడు అవతలివాళ్ల తెర మీద కనిపించే ఏర్పాటును ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫార్సు చేసింది. సిమ్ ఒకరి పేరు మీద, వాడకం మరొకరి చేతిలో ఉండే మన ఊళ్లలో ఆ పేరు ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే ప్రశ్న.

అంతదాకా జాగ్రత్త ఫోను ఎత్తేవాళ్లదే. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసూ, ఏ జడ్జీ వీడియో కాల్‌లో డబ్బు అడగరు. అలాంటి కాల్ వస్తే పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిస్తే గంటలు గడవనీయకుండా 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఈ నాలుగంకెలను ఇంట్లో పెద్దవాళ్ల ఫోనులో సేవ్ చేసి, ఒక కాగితం మీద రాసి గోడకు కూడా అంటించండి.